ఆయన ఏడిస్తే బాధ... ఆమె ఏడిస్తే బలహీనతా?

2025 జులై 2. బ్రిటిష్ పార్లమెంటులో ప్రధానమంత్రి కీర్ స్టార్మర్ ప్రతిపక్షాల ప్రశ్నలకు జవాబులు చెబుతున్నారు. ఆయన పక్కన, ముందు వరస బెంచీ మీద ఆ దేశ ఆర్థిక మంత్రి రేచల్ రీవ్స్ కూర్చున్నారు. ఎంత ఆపుకున్నా ఆగని కన్నీటి చుక్క ఒకటి ఆమె చెంప మీదికి జారింది. ఇంకేముంది, కెమెరాలు ఊరుకుంటాయా? సాయంత్రమయ్యేసరికి ఆ ఒక్క బొమ్మ ప్రపంచమంతా తిరిగొచ్చింది. పౌండు విలువ పడింది. ప్రభుత్వం అప్పు తెచ్చుకునే బాండ్ల మీద వడ్డీ పెరిగింది.

"అంత పెద్ద పదవిలో ఉండి అందరి ముందూ ఏడవడమేమిటమ్మా?" అన్నారు మా ఎదురింటి బాబాయిగారు టీవీ చూస్తూ. "ఆడవాళ్ళకి పెద్ద పదవులిస్తే ఇంతే" అని ఆయన అనలేదు గానీ, ఆ మాట ఆయన నోటి చివరే ఉందని నాకర్థమైంది. తమాషా ఏమిటంటే, పక్కనే కూరగాయలు తరుగుతున్న పిన్నిగారు కూడా "నిజమే, కాస్త తమాయించుకోవాల్సింది" అన్నారు.

నిజంగా ఆ రోజు జరిగిందేమిటి? అంతకు ముందు రోజే సంక్షేమ ఖర్చులు తగ్గించే బిల్లు విషయంలో సొంత పార్టీ సభ్యులే ఎదురు తిరగడంతో ప్రభుత్వం వెనక్కి తగ్గింది. ఆర్థిక మంత్రి లెక్కలు తలకిందులయ్యాయి. ప్రతిపక్ష నాయకురాలు కెమీ బేడెనాక్ లేచి, ఈ మంత్రి పదవిలో ఉంటారా, ఉండరా అని అడిగారు. ప్రధాని సూటిగా 'ఉంటారు' అనలేదు. ఈమె పోతే తర్వాత వచ్చేవాళ్ళు ఇంకా ఎక్కువ అప్పులు చేస్తారేమోనని మార్కెట్ భయపడింది. ఆమె ఎక్కడికీ పోవడం లేదని ప్రభుత్వం గట్టిగా చెప్పాక సర్దుకుంది. అంటే బాండ్లను కుదిపింది కన్నీరు కాదు, ప్రధాని తప్పించుకున్న జవాబు! కానీ ఆ జవాబు ఎవరికి గుర్తుంది? కన్నీరే గుర్తుంది.

శతాబ్దాల చరిత్ర ఉన్న ఆ పదవిలో కూర్చున్న మొదటి మహిళ రీవ్స్. అది తన సొంత విషయమనీ, వివరాలు చెప్పననీ అన్నారు. తనకు కష్టమైన రోజు వస్తే అది టీవీలో కనిపిస్తుంది, మిగతా వాళ్ళకు ఆ బాధ లేదు, అంతే తేడా అని కూడా అన్నారు. మర్నాడు మామూలుగా పనిలోకి వచ్చేశారు.

సంగతి అక్కడితో అయిపోయినట్టే. అయినా నాకు వదల్లేదు. ఎందుకంటే ఆ కన్నీటి చుక్క లండన్‌ది మాత్రమే కాదు. మన బ్యాంకుల్లో, బళ్ళలో, ఆస్పత్రుల్లో, చీరల దుకాణాల్లో రోజూ ఎక్కడో ఓ చోట రాలుతున్నదే.

ఆయన కన్నీటికి అర్థం వేరు

మన దేశంలో మగవాళ్ళు పని మీద ఉండగా కంటతడి పెట్టలేదా? పెట్టారు. అదీ అందరూ చూస్తుండగానే.

2016 ఏప్రిల్ 24న ఢిల్లీలో ముఖ్యమంత్రులు, హైకోర్టు ప్రధాన న్యాయమూర్తుల సమావేశం. ప్రధాని సమక్షంలో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి టి.ఎస్. ఠాకూర్ మాట్లాడుతూ గొంతు పూడుకుపోయి కళ్ళు తుడుచుకున్నారు. పది లక్షల జనాభాకు పది మంది ఉన్న జడ్జీలను యాభైకి పెంచమని 1987లోనే లా కమిషన్ చెప్పింది, ఇన్నేళ్ళయినా కదలిక లేదన్నది ఆయన ఆవేదన. ఆ తర్వాత చర్చ దేని మీద జరిగింది? జడ్జీల కొరత మీద.

2019 సెప్టెంబరు 7న చంద్రయాన్-2 ల్యాండర్ చంద్రుడి దాకా వెళ్ళి చివరి నిమిషాల్లో సంకేతాలు ఆగిపోయాయి. బెంగళూరులో ఇస్రో అధ్యక్షుడు కె. శివన్ ప్రధాని భుజం మీద తల పెట్టి ఏడ్చారు. ఆ దృశ్యం చూసి మా ఇంట్లో కళ్ళు తడవని వాళ్ళు లేరు. ఏళ్ళ తరబడి ప్రాణం పెట్టి చేసిన పని కదా అనుకున్నాం.

2021 ఫిబ్రవరి 9న గులాం నబీ ఆజాద్‌కి వీడ్కోలు చెబుతూ రాజ్యసభలో ప్రధాని నరేంద్ర మోదీ మాట రాక ఆగిపోయారు. అదే ఏడాది నవంబరు 19న మంగళగిరిలో చంద్రబాబు నాయుడు విలేకరుల ముందు వెక్కి వెక్కి ఏడ్చారు. శాసనసభలో తన భార్యను అవమానించారని, ముఖ్యమంత్రిగానే మళ్ళీ సభలోకి వస్తానని అన్నారు. 2024 జూన్‌లో అలాగే వెళ్ళారు. అప్పట్లో అవతలి పార్టీ వాళ్ళు అది నాటకం అన్నారు, ఇవతలి వాళ్ళు కన్నీళ్ళు పెట్టుకున్నారు. రాజకీయం కాబట్టి ఆ రెండూ మామూలే. కానీ ఒక్క మాట మాత్రం ఏ పార్టీ వాళ్ళూ అనలేదు. "మగవాళ్ళింతే, వీళ్ళు ముఖ్యమంత్రి పదవికి పనికిరారు" అని!

వీళ్ళు ఏడవకూడదని నేననడం లేదు. మనసున్న ప్రతివాళ్ళకీ ఆ హక్కుంది. నేను చెప్పేదల్లా ఇది: మగవాడు ఏడిస్తే లోకం అతని కన్నీటి వెనక కారణాన్ని చూస్తుంది. ఆడది ఏడిస్తే కారణాన్ని వదిలేసి ఆడతనాన్ని చూస్తుంది.

1987లో అమెరికాలో పాట్ ష్రోడర్ అనే కాంగ్రెస్ సభ్యురాలు అధ్యక్ష పదవికి పోటీ చెయ్యనని ప్రకటిస్తూ కంటతడి పెట్టారు. ఇక చూడండి, ఇలాంటి మనిషి దేశాన్ని ఏలగలదా అని ఏళ్ళ తరబడి మాటలు పడ్డారు. ఆవిడ తెలివైనది. బహిరంగంగా ఏడ్చిన నాయకుల వార్తలన్నీ పోగుచేసి ఒక ఫైలు పెట్టుకున్నారు. ఎవరైనా దెప్పితే చూపించడానికి!

సామెతలో సగం చెరిపేశాం

'నవ్వే ఆడదాన్నీ, ఏడ్చే మగవాణ్ణీ నమ్మకూడదు' అని మన పెద్దల సామెత. ఇద్దరికీ సమానంగా అన్యాయం చేసిన సామెత అది. ఆడది నవ్వకూడదు, మగవాడు ఏడవకూడదు. కాలం మారింది. మగవాడి మీది సగాన్ని మనం దాదాపు చెరిపేశాం. ఏడ్చే మగవాణ్ణి ఇప్పుడు సున్నిత మనస్కుడంటున్నాం. మంచిదే. మరి ఆడదాని సగం మాటేమిటి? నవ్వితే ఆఫీసులో 'ఆవిడ అందరితోనూ ఫ్రీగా ఉంటుంది' అని ఓ రకంగా అంటారు. ఏడిస్తే 'నెత్తిన నీళ్ళకుండ' అంటారు. రెండూ చెయ్యకుండా ముఖం గంటు పెట్టుకుని కూచుంటే, 'ఆవిడకెంత పొగరు' అంటారు.

మన భాషలోనే చూడండి. కుళాయి తిప్పింది, మొసలి కన్నీరు, ఏడుపుగొట్టు ముఖం, ఏడిచి సాధించుకుంది... ఈ మాటలు ఎక్కువగా ఎవరి మీద వాడతాం? నేను కథలు రాస్తాను. కథలో ఆడమనిషి కంటతడి పెడితే చాలు, "మళ్ళీ ఏడుపు కథేనా?" అని ఉత్తరం వస్తుంది. అదే కథలో తండ్రి చాటుగా కళ్ళు తుడుచుకుంటే "గుండె పిండేశారండీ" అని వస్తుంది. కన్నీరొకటే, లెక్కలు రెండు.

కోపం కూడా నీళ్ళయి వస్తుంది

ఆడవాళ్ళు ఎక్కువ ఏడుస్తారన్నది అబద్ధమా? కాదు. 1980లలో అమెరికాలో విలియం ఫ్రే అనే జీవరసాయన శాస్త్రవేత్త దీన్ని లెక్క కట్టారు. స్త్రీలు నెలకు సుమారు ఐదుసార్లు, పురుషులు ఒకటీ అరా సార్లు కంటతడి పెడతారని తేలింది. చిన్నప్పుడు ఆడపిల్లలకీ మగపిల్లలకీ ఇందులో పెద్ద తేడా ఉండదు. ఈడొచ్చాకే తేడా మొదలవుతుంది. కొంత శరీరంలో మారే హార్మోన్ల వల్ల, కొంత 'మగపిల్లాడివి, ఏడుస్తావేంట్రా' అని మనమే పదేపదే చెప్పడం వల్ల.

కన్నీళ్ళలో కూడా రకాలున్నాయి. కన్ను ఎండిపోకుండా ఎప్పుడూ ఊరేది ఒకటి. దుమ్మో, ఉల్లిపాయ ఘాటో తగిలితే వచ్చేది ఇంకొకటి. మనసు కదిలితే వచ్చేది మూడోది. ఈ మూడోది దుఃఖానికే రావాలని లేదు. అలసటకి వస్తుంది, అవమానానికి వస్తుంది, చేతకానితనానికి వస్తుంది. అన్నిటికంటే ముఖ్యంగా, కోపానికి వస్తుంది!

"నాకు కోపమొస్తే ముందు ఏడుపొచ్చేస్తుందే, చెప్పాలనుకున్న మాట గొంతులోనే ఉండిపోతుంది" అని ఎంతమంది స్నేహితురాళ్ళ దగ్గర విన్నానో లెక్కలేదు. ఎదురుగా ఉన్న మేనేజరు "అయ్యో, భయపడిపోయింది" అనుకుంటాడు. ఆమె భయపడలేదు మహానుభావా, మండిపోతోంది!

మరి ఆ కోపాన్ని కోపంగానే చూపించవచ్చుగా? చూపిస్తే ఏమవుతుందో కూడా పరీక్షించి చూశారు. 2008లో విక్టోరియా బ్రెస్కాల్, ఎరిక్ ఉల్మన్ అనే పరిశోధకులు ఉద్యోగ ఇంటర్వ్యూల వీడియోలు జనానికి చూపించారు. కోపం ప్రదర్శించిన మగవాడికి చూసినవాళ్ళు ఎక్కువ హోదా కట్టబెట్టారు. అదే కోపం చూపిన స్త్రీకి హోదా తగ్గించారు, జీతం కూడా తగ్గించారు. ఎందుకని చూస్తే, అతనికి కోపం రావడానికి పరిస్థితి కారణమన్నారు. ఆమెకు కోపం రావడానికి ఆమె స్వభావమే కారణమన్నారు. అంటే కన్నీటి దగ్గర ఉన్న లెక్కే కోపం దగ్గరా ఉందన్నమాట. అరిస్తే గయ్యాళి, ఏడిస్తే అబల. ఇక మిగిలిందేమిటి? మింగడం.

చదువుకున్నవాళ్ళలో ఈ ఆలోచన ఉండదనుకుంటే పొరపాటే. నోబెల్ బహుమతి అందుకున్న బ్రిటిష్ శాస్త్రవేత్త టిమ్ హంట్ 2015లో దక్షిణ కొరియాలో ఓ సభలో, ప్రయోగశాలల్లో అమ్మాయిలతో వచ్చే ఇబ్బందుల గురించి చెబుతూ, విమర్శిస్తే ఏడుస్తారన్నారు. సరదాకన్నానని తర్వాత చెప్పుకున్నా గొడవ పెద్దదై ఓ విశ్వవిద్యాలయంలో గౌరవ పదవి వదులుకున్నారు. మహిళా శాస్త్రవేత్తలు మాత్రం ప్రయోగశాల దుస్తుల్లో, ముఖాలకు మాస్కులతో పని చేసుకుంటున్న ఫొటోలు పెట్టి హాయిగా నవ్వుకున్నారు. అంత బాగా జవాబు చెప్పడం కూడా వాళ్ళకే చెల్లింది.

హెల్మెట్ లోపల

నేను గృహిణిని. 'ఇంట్లో ఉండేదానికి ఆఫీసు కన్నీళ్ళ గురించేం తెలుసు?' అనుకోవచ్చు. పెళ్ళికి ముందు ఓ ఏడాది ఓ ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పాను. కరస్పాండెంటు గారు క్లాసులోకి వచ్చి పిల్లల ముందే టీచర్లను నిలదీసేవారు. మధ్యాహ్నం బెల్లు కొట్టాక స్టాఫ్ రూములో ఎవరో ఒకరు కిటికీ వైపు తిరిగి నిలబడేవారు. మేమెవరమూ అటు చూసేవాళ్ళం కాదు. చూడకపోవడమే అక్కడి మర్యాద. ఇప్పుడు ఇంట్లో నాకో సౌకర్యముంది. వంటింట్లో ఎప్పుడేడ్చినా ఉల్లిపాయ మీద పెట్టేయొచ్చు. ఉద్యోగం చేసే ఆడవాళ్ళకి ఆ ఉల్లిపాయ కూడా లేదు.

నాకు తెలిసిన ఓ అమ్మాయి ప్రైవేటు బ్యాంకులో పనిచేస్తోంది. నెలాఖరున టార్గెట్ల మీటింగులో పాతికమంది ముందు ఆమె పేరు చదివి, "జీతం తీసుకోవడానికి సిగ్గనిపించడం లేదా?" అన్నారట. ఆమె కళ్ళు నిండాయి. "ఇదిగో, మొదలెట్టింది" అన్నారట ఆ అన్నాయనే. ఇంటికొచ్చి చెప్పింది. అత్తగారు మంచావిడ, కోడలంటే ప్రేమ. భర్త కూడా మంచివాడే. ఇద్దరూ ఒకే మాటన్నారు. "అంత ఏడుస్తూ చెయ్యడం ఎందుకు? మానెయ్."

ఆ రోజు నుంచీ ఆ అమ్మాయి ఇంట్లో ఏమీ చెప్పడం లేదు. "ఎక్కడేడుస్తావే మరి?" అనడిగాను. "స్కూటీ మీద పిన్నీ. హెల్మెట్ అద్దం దించుకుంటే ఎవరికీ కనబడదు. ఇల్లొచ్చేసరికి ఆరిపోతుంది" అంది నవ్వుతూ.

ఇక్కడ మనం ఆగి ఆలోచించాలి. మగవాడు ఆఫీసులో అవమానపడి ఇంటికొచ్చి డీలాపడితే "ఉద్యోగమన్నాక ఇవన్నీ ఉంటాయి, ధైర్యంగా ఉండు" అంటాం. కాఫీ ఇచ్చి కాసేపు ఒంటరిగా వదిలేస్తాం. 'మానెయ్' అని మన నోట రాదు. ఆడపిల్ల కన్నీరు చూడగానే అదే మొదట వస్తుంది. ప్రేమతోనే వస్తుంది, కాదనను. కానీ ఆ ప్రేమ ఖరీదు ఆమె ఉద్యోగం. ఆఫీసులో ఏడిస్తే 'పనికిరాదు' అంటారు, ఇంట్లో ఏడిస్తే 'పని వద్దు' అంటారు. రెండు చోట్లా తీర్పొకటే!

అందుకే చాలామంది ఆడవాళ్ళకి కన్నీటి కంటే కన్నీరు కనిపిస్తుందేమోనన్న భయమే పెద్దది.

బాత్రూము కూడా లేని చోట

ఆఫీసుల్లో ఏడవాలనిపిస్తే బాత్రూములోకి వెళ్ళి కుళాయి తిప్పుకుంటారు. అదీ లేనివాళ్ళ సంగతేమిటి? కేరళలో చీరల దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్ళకి రోజంతా నిలబడి ఉండాలన్నది నియమం. కూర్చుంటే తిట్లు. మూత్రానికి వెళ్ళే వీలులేక మంచినీళ్ళు తాగడమే తగ్గించుకునేవారు. పైగా కొనేవాళ్ళు వచ్చినప్పుడల్లా నవ్వాలి. ఆర్లీ హాక్‌షీల్డ్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త విమానాల్లో పనిచేసే పరిచారికలను చూసి 1983లో ఓ పుస్తకం రాశారు. లోపల ఏమున్నా పైకి నవ్వడం కూడా జీతానికి చేసే పనేనని, దానికీ అలసట ఉంటుందని అందులో చెప్పారు. మనవాళ్ళు దీన్ని ఎప్పుడో 'ఏడవలేక నవ్వడం' అన్నారు.

కోళికోడ్‌లో విజి అనే ఓ దర్జీ ఈ దుకాణాల ఆడవాళ్ళను 'పెన్‌కూట్టు' అనే సంఘంగా కూడగట్టారు. ఏళ్ళ తరబడి పోరాడారు. 2018లో కేరళ ప్రభుత్వం చట్టాన్ని సవరించి దుకాణాల్లో పనిచేసేవాళ్ళు కూర్చునే ఏర్పాటు తప్పనిసరి చేసింది. 2021లో తమిళనాడు కూడా అదే దారి పట్టింది.

ఇందులో నాకు కనబడ్డ పాఠమొక్కటే. ఒక్కొక్కరూ విడివిడిగా మూలకెళ్ళి కళ్ళు తుడుచుకున్నంతకాలం అది 'ఆవిడ బాధ'. అందరూ కలిసి కారణం చెప్పిన రోజున అది చట్టం. ఒకే సెక్షన్లో నలుగురు ఏడుస్తున్నారంటే ఆ నలుగురూ సున్నితం అని కాదు, ఆ సెక్షన్లో ఏదో తేడా ఉందని అర్థం.

హైదరాబాద్ అమ్మాయి తోడు

కన్నీళ్ళున్న చోట పని జరగదనే వాళ్ళకి మన అమ్మాయిలే జవాబిచ్చారు. 2025 మహిళల ప్రపంచకప్ క్రికెట్ గుర్తుందా? అక్టోబరు 30న నవీ ముంబైలో సెమీఫైనల్. ఆస్ట్రేలియా 338 పరుగులు చేసింది. అంత పెద్ద లక్ష్యాన్ని మహిళల వన్డేల్లో అంతకు ముందు ఎవరూ ఛేదించలేదు. జెమీమా రోడ్రిగ్స్ 127 పరుగులు చేసి చివరిదాకా నిలబడి గెలిపించింది. గెలిచాక మైదానంలోనే ఏడ్చేసింది. ఆ తర్వాత ఆమె చెప్పిన మాటలు గెలుపు కంటే గొప్పవి. ఆ టోర్నీలో దాదాపు రోజూ ఏడ్చానంది. ఆందోళన తట్టుకోలేక అమ్మకి ఫోన్ చేసి ఏడ్చేదాన్నని చెప్పింది. మధ్యలో ఓ మ్యాచ్‌కి ఆమెను జట్టులోంచి తప్పించారు కూడా.

అప్పుడు ఆమెకి తోడున్న వాళ్ళలో మన హైదరాబాద్ అమ్మాయి అరుంధతి రెడ్డి ఒకరు. ఆమె ముందు దాదాపు రోజూ ఏడ్చేదాన్నని జెమీమా పేరు పెట్టి చెప్పింది. అరుంధతికి ఆ టోర్నీలో ఆడే అవకాశమే రాలేదు. అయినా మన గెలుపులో ఆమె వాటా లేదని ఎవరనగలరు? నవంబరు 2న ఫైనల్లో దక్షిణాఫ్రికాను ఓడించి మనవాళ్ళు కప్పు అందుకున్నారు.

ఆ జట్టు కూడా ఓ ఆఫీసే. అక్కడా టార్గెట్లున్నాయి, తీసేస్తారన్న భయముంది. తేడా ఏమిటంటే, అక్కడ ఏడ్చిన మనిషికి ముద్ర వెయ్యలేదు, తోడు నిలబడ్డారు. కన్నీరు పోయాక మిగిలిన మనిషి 127 కొట్టింది.

అవతలి మాట కూడా విందాం

ప్రతి కన్నీరూ పవిత్రమేనా అంటే, కాదు. చేసిన తప్పు అడిగినప్పుడల్లా కళ్ళనీళ్ళు పెట్టుకుని మాట దాటేసేవాళ్ళు ఉంటారు, ఆడవాళ్ళలోనూ మగవాళ్ళలోనూ. పక్క సీటు వాళ్ళ మీద ఆ పని పడుతుంది. వాళ్ళ విసుగులో న్యాయముంది. కన్నీరు కారణాన్ని చూపించాలే గానీ, బాధ్యత నుంచి తప్పించుకునే దారి కాకూడదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. 'ఏమన్నా అంటే ఏడుస్తుందేమో' అని భయపడి కొందరు మగ అధికారులు తమ కింద పనిచేసే ఆడవాళ్ళకి తప్పులు చెప్పడమే మానేస్తారు. పైకి అది దయలా కనిపిస్తుంది. కానీ తప్పు తెలియని మనిషి దిద్దుకునేదెలా? పక్కవాడు నాలుగు చివాట్లు తిని పని నేర్చుకుని పైకి పోతాడు. ఈమె 'బాగుందమ్మా, బాగుంది' అనిపించుకుంటూ అక్కడే ఉండిపోతుంది. చెప్పాల్సింది చెప్పండి. గదిలో కూర్చోబెట్టి, పని గురించి, మర్యాదగా చెప్పండి. కళ్ళు తడిస్తే ఓ నిమిషం ఆగి మళ్ళీ చెప్పండి. అంతే గానీ వదిలెయ్యకండి.

పెద్ద పదవుల్లో ఉన్న అక్కయ్యలకీ ఓ మాట. "మేమిలాంటివి ఎన్ని పడ్డాం, ఎప్పుడైనా ఏడిచామా?" అంటారు. మీరు పడ్డది నిజం. బాత్రూము తలుపులకి ఆ సంగతి తెలుసు. మీరు మింగినవన్నీ మీ తర్వాత వచ్చిన పిల్లలూ మింగాల్సిందేనా?

మరి ఏం చేద్దాం?

కళ్ళు నిండినప్పుడు పదిసార్లు 'సారీ' చెప్పకండి. 'ఒక్క నిమిషం' అని, మంచినీళ్ళు తాగి, ఆగిపోయిన మాటను పూర్తి చెయ్యండి. మాట పూర్తి చెయ్యడమే ముఖ్యం. హార్వర్డ్ పరిశోధకులు 2016లో ఓ సంగతి కనిపెట్టారు. 'నేను కాస్త ఎమోషనల్' అని చెప్పుకున్నవాళ్ళ కంటే 'ఈ పనంటే నాకంత పట్టింపు, అందుకే' అని చెప్పినవాళ్ళను ఎదుటివాళ్ళు సమర్థులుగా చూశారు. చాలాసార్లు నిజం కూడా అదే. పట్టనివాళ్ళకి కళ్ళెందుకు తడుస్తాయి?

ఇంటికెళ్ళాక ఏం జరిగింది, ఎవరేమన్నారు, ఎవరున్నారు అన్నది తేదీతో సహా ఓ నోటుబుక్కులో రాసి పెట్టుకోండి. మూడు నెలలయ్యాక తిరగేస్తే, అది మీ సున్నితత్వమా, అవతలివాళ్ళ అలవాటా అన్నది మీకే తెలుస్తుంది.

కన్నీటికి కారణం వెకిలి మాటలో, వేధింపులో అయితే అది కన్నీటి సమస్య కాదు, చట్టం సంగతి. 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి. అంతకన్నా చిన్న చోట్ల, ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు జిల్లా స్థాయి స్థానిక కమిటీకి వెళ్ళవచ్చు. ఫిర్యాదు మూడు నెలల్లోగా ఇవ్వాలి. తగిన కారణముంటే మరో మూడు నెలలు గడువిస్తారు. కమిటీ ముందు ఏడిచినా, ఏడవకుండా రాయిలా కూర్చుని చెప్పినా ఫిర్యాదు ఫిర్యాదే. మీరు రాసుకున్న ఆ నోటుబుక్కు అక్కడ పనికొస్తుంది.

పక్క సీటులో ఎవరైనా ఏడుస్తుంటే చుట్టూ మూగకండి. గ్లాసుడు నీళ్ళు ఇచ్చి, ఆ సంగతి క్యాంటీన్ దాకా మొయ్యకుండా ఉంటే చాలు. అదే పెద్ద సాయం.

ఇక ఇంట్లో ఉన్న మనం. కూతురో, కోడలో, చెల్లెలో ఉబ్బిన కళ్ళతో గుమ్మంలోకి అడుగుపెడితే 'మానెయ్' అనే ముందు 'ఏం జరిగింది?' అని అడుగుదాం. చెప్పింది పూర్తిగా విందాం. ఉద్యోగం మానాలా, మారాలా, అక్కడే నిలబడి తేల్చుకోవాలా అన్నది ఆ తర్వాత ఆమె నిర్ణయించుకుంటుంది. కొడుకు వచ్చినా అదే అడుగుదాం. వాడికీ చెప్పుకునే చోటు కావాలి కదా!